తాతారావు మెచ్చిన అక్షరం

రాయగడ బస్సు దిగి ముసలి దంపతులిద్దరూ తిన్నగా తన టాటూ కొట్టుకే వచ్చేసరికి, శ్రీహరి వాళ్ళు అడ్రసు తప్పారనుకున్నాడు. జయపురంలో ఆ మెట్లెక్కేదంతా కాలేజీ కుర్రకారే.

ఆవిడ ముంజేయి చాపి కూర్చుంది.

“సిన్నమ్మి అని పొడవాలి బాబూ. అక్షరం మాత్రం మా ఆయన ఒప్పుకోవాలి. బోర్డులు రాసిన సెయ్యి. ఒప్పుకోపోతే నమ్మరు. నమ్మకపోతే నాకీ పచ్చబొట్టు దండగే.”

“మనవరాలి పేరా మామ్మా?”

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. శ్రీహరి లాప్‌టాప్ తెరిచాడు. పోయినవాళ్ళ పేర్లు పొడిపించుకునేవాళ్ళు ఇలాగే చూస్తారని అతనికి తెలుసు.

ఆయన పేరు తాతారావు. ఫ్లెక్సులు రాకముందు రాయగడ బజారు బోర్డులన్నీ ఆయన కుంచెవే. మనిషికి హుషారు పాలెక్కువ.

“మాంసం కొట్టు బోర్డుమీద ఓపాలి మేకని ఏసేను బాబూ. తెల్లారి సూద్దుము గదా, బోర్డు కింద పెంటికలు!”

శ్రీహరి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే లాప్‌టాప్‌లో అక్షరాలు చూపించాడు.

“ఈడు కర్ర మింగినట్టు నిలబడ్డాడు.”

“ఇది?”

“దీనికి పెళ్ళికూతురు ముస్తాబు సేసేరు. నగలే గానీ మనిషేదీ?”

చివరికి ఒక పలచటి రాత దగ్గర ఆయన వేలు ఆగింది. ఎవరో కబుర్లాడుతూ చేత్తో గీసేసినట్టు, తేలిగ్గా, కాస్త పక్కకి వాలి ఉంది. టిఫిను హోటళ్ళ ధరల బోర్డులకీ, పుట్టినరోజు ఫ్లెక్సులకీ వాడే రకం.

“ఇదీ రాతంటే! ఈడికీ నాలాగే సేతికి తొందరెక్కువ.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “ఇదే ఎయ్యి బాబూ.”

“మరీ సన్నగీత మామ్మా. నాలుగేళ్ళకి వెలిసిపోద్ది.”

“రేపు పొద్దున లేవగానే కనపడితే సాలు.”

సూది రొద మొదలైంది. ఆవిడ పళ్ళు బిగించింది. తాతారావు పక్కనే కూర్చుని విసనకర్రలా పేపరు ఊపాడు.

“ఓర్సుకో అమ్మా. నీది గట్టి గుండె. మా ఇంటిదైతే సూదిని సూస్తే సాలు, సాలూరు దాకా పరిగెడతాది.”

శ్రీహరికి మళ్ళీ నవ్వొచ్చింది. ఈ వయసులోనూ పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని ఏడిపించే మొగుడు! ఆవిడ మాత్రం నవ్వలేదు.

పని అయింది. ఆవిడ ఊపిరి బిగబట్టి, ఎర్రగా కందిన చేతిని ఆయన ముందు పెట్టింది.

“సదవండి.”

తాతారావు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒక్కో అక్షరాన్నీ గాలిలోనే వేలితో దిద్దుకున్నాడు. ముఖం వెలిగింది. అంతలోనే తప్పు చేసినవాడిలా తడబడ్డాడు.

“రాత నాదే, పేరు మా ఇంటిదానిదే... నీ సేతిమీద ఎందుకు రాసేనమ్మా?”