మాస్టారి చెవిపూస

జవాబులు చెప్పే పూసలు అనకాపల్లిలో అందరి చెవుల్లోకీ వచ్చేశాక కూడా హైమావతి రోజూ ఉదయం ఏడింటికి ఫోన్ గ్రూపులో ఒక క్విజ్ ప్రశ్న పెట్టేది. ఆ పది నిమిషాలూ పూస తీసి ఆడాలన్నది నియమం. గ్రూపులోని నలభై మందీ అలాగే ఆడేవారు.

వారం రోజులుగా అప్పలనరసయ్య మాస్టారు మాత్రం క్షణంలో జవాబు పెట్టేస్తున్నారు. హైమావతి ఫోన్ చేసింది.

“మాస్టారూ, పూస తీస్తున్నారా?”

“లేదమ్మా. ఈమధ్యన ఏటీ గుర్తుండట్లేదు. జవాబు చెప్పకపోతే గ్రూపులోంచి తీసేస్తారేమోనని భయమేసింది.”

“ఎవరు తీసేస్తారండీ? రేపు పూస లేకుండా ఆడండి.”

మర్నాడు ఆమె కావాలనే తేలిక ప్రశ్న పెట్టింది: మన ఊరి పక్కన పారే నది పేరేమిటి?

“ఇవాళ పూస తీసేశాను. కొంచెం ఆగండి,” అని మాస్టారు రాశారు. అందరూ ఆగారు. తొమ్మిదో నిమిషంలో ఆయన, “తెలీట్లేదమ్మా,” అన్నారు.

“నాకూ తెలీదు,” అని ఒకరు రాశారు. ఆ వెనకే ఇంకొకరు. శారదా నదిలో ఈత నేర్చుకున్నవాళ్లతో సహా మిగతా ముప్పై తొమ్మిది మందీ అదే మాట రాశారు.

హైమావతి కళ్లు తుడుచుకుని అందరికీ సున్నా వేసింది.