బెంగళూరు నుంచి రావాల్సిన కార్డు

చిన్నరంగప్ప చేలో బోరుకు పెట్టిన సోలార్ పంపు ఆగి మూడు రోజులైంది. వేరుశనగ ఊడలు దిగే సమయం. మధ్యాహ్నానికే మొక్కలు వాడి తలలు వాలుస్తున్నాయి.

సంజీవమ్మ పంపు పెట్టె తెరిచి, తెర మీద మెరిసే అంకె చూసింది. రాయచెర్లు నుంచి సోలార్ పంపుల రిపేరు శిక్షణకు వెళ్లింది ఆమె ఒక్కతే. ఆ అంకెల అర్థం ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

"ఏందమ్మా దీని కత?" అన్నాడు చిన్నరంగప్ప.

"పంపును నడిపే కార్డు పోయింది మామా. బెంగళూరు నుంచి రావాల."

మొన్నా ఇదే మాట, నిన్నా ఇదే మాట. రిపేరు చెయ్యదు, ఇంటికీ పోదు. పొద్దున్నే సద్ది కట్టుకొని వచ్చి, పొద్దు గూకేదాకా గట్టు మీదే కూర్చుంటుంది. పైగా షెడ్డు సర్దుడొకటి! వైర్ల పక్కన పురుగుమందు ఉండకూడదంటూ డబ్బాలన్నీ తన ఇంటికి చేరవేసింది. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే కాబోలు.

పక్క చేను నందీష్ వచ్చి నిలబడ్డాడు.

"మూడు నెలలు నేర్చుకునింది ఇదేనా? ఇంగా పదిమంది ఆడోళ్లకి ట్రైనింగ్ అంట! రేపు ఊరి మీటింగులో చెప్పి ఆపిస్తా."

సంజీవమ్మ ముఖం మాడిపోయింది. ఆ పదిమందిలో ఆమె చెల్లెలూ ఉంది. అయినా పంపు పెట్టె మూసి, మళ్లీ గట్టు మీదే కూర్చుంది.

"పోనీలేప్పా. మిషన్‌కి రోగమొస్తే ఆ పాపేం చేస్తాది?" అన్నాడు చిన్నరంగప్ప. భార్య పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న మనిషి. "ఈ పంట ఒగటి చేతికొస్తే చాలు. అదీ పాయెనంటే నేనుండి మాత్రం ఏం లాభం?" అంటూ నవ్వాడు.

ఆ నవ్వు చూడగానే సంజీవమ్మ లేచింది. దూరంగా వెళ్లి ఫోన్ చేసింది.

"రేపు గాదు, ఈ పొద్దే రావాల" అంది గట్టిగా.

సాయంత్రం షేర్ ఆటో వచ్చి చేను పక్కన ఆగింది. అందులోంచి దిగింది కార్డు కాదు, బెంగళూరు గార్మెంట్స్‌లో పనిచేసే చిన్నరంగప్ప కూతురు ధనుశ్రీ. సెలవు దొరికేసరికి ఇన్నాళ్లు పట్టింది. వస్తూనే తండ్రి పక్కన కూర్చొని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు సంజీవమ్మ నోరు విప్పింది: "మామా, పంపు బాగానే ఉండాది, మూడు దినాల కిందటే నీ బోరు ఎండిపాయ."