నాలుగు ఆదివారాలు

"ఎవడే వాడు?"

గోదావరి గట్టు మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న కూతురి జబ్బ పట్టుకుని అడిగింది సువార్తమ్మ. రాజమండ్రి చర్చిలో పాటలు పాడాలంటూ నాలుగు ఆదివారాలుగా ధవళేశ్వరంలో బస్సెక్కుతున్న సలోమి, అక్కడ అడుగే పెట్టడం లేదని పాస్టరుగారు ఇప్పుడే చెప్పారు.

"ఎవరూ లేరమ్మా."

"అబద్ధాలాడకు. ఆఫీసులో హిందువుల కుర్రాడా? వాడి కోసమేనా చర్చి మానేశావు?"

"కుర్రాడూ లేడు, ఎవరూ లేరు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే వినేవాళ్ళు కూడా లేరనిపిస్తోంది. రెండేళ్ళయింది."

"మరి రోజూ పొద్దున్నే నా పక్కన మోకరిస్తున్నావుగా?"

"నీ కోసమమ్మా."

సువార్తమ్మ పట్టు సడలింది. కూతురి పక్కనే మెట్టు మీద కూలబడింది. బతిమాలుతున్నట్టు అడిగింది.

"పోనీ, ఎవడైనా ఉంటే చెప్పవే. హిందువైనా సరే, నేనేమీ అనను."