ప్రతి ఆదివారం పల్టీ కొట్టే కారు

మూర్స్‌విల్, నార్త్ కరోలినా
1974

అక్కా,

నా రాత కోడిగీతలు, తప్పులుంటే మన్నించు.

టీవీలో కార్ల పందేల కార్యక్రమం మొదట్లో ఆ ఎర్ర కారు గోడను గుద్దుకుని పల్టీలు కొట్టడం ఇంకా చూపిస్తున్నారు. వెనక హుషారైన బాజా. ఆపమని స్టేషనుకు ఫోన్ చేస్తే, "జనానికి అదే ఇష్టమమ్మా" అన్నారు.

నిన్న చర్చి నుంచి రాగానే మా ఆయన డెల్మర్ మొక్కజొన్న రొట్టె పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు.

"ఓపల్, తొందరగా రా. వాడు మళ్ళీ పడతాడు."

కట్టెయ్యబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండవే, పిరికిదానా. ఎంత బాగా తోలుతున్నాడో చూడు."

కారు పొగలో ఆగింది. ఆయన తినడం ఆపేశాడు.

"పాపం, బతికాడా?"

"బతికాడు."

"పెళ్ళాం ఉందా?"

"ఉంది."

"ఆమె కూడా ఇది చూస్తూ ఉంటుందా?"

"చూస్తుంది" అన్నాను.

ఆ కారులో ఉన్నది తనేనని ఆయనకు చెప్పే ధైర్యం ఈ ఆదివారమూ నాకు రాలేదు.

అత్తయ్య మీ ఇంటికి వచ్చేలోగా ఈ కార్డు కాల్చెయ్యి. కొడుక్కి అన్నీ గుర్తొస్తున్నాయని ఆవిడకు చెప్పాను.

నీ చెల్లి