గోడ తీర్మానం

"ఆ గోడ నేను కట్టించలేదు ఆంటీ. నేనీ కాలనీకొచ్చి ఆరేళ్లే. గోడ నాకంటే సీనియర్," అన్నాడు కాలనీ సంఘం అధ్యక్షుడు.

"సీనియరే. అందుకే రిటైర్ చెయ్యమంటున్నా," అంది మిషనమ్మ.

ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతోంది కాబట్టి అందరికీ ఆవిడ మిషనమ్మే. భర్త పోయి నెల. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలో అర్జీ నలిగిపోయి ఉంది.

"ఆ రోజు పొద్దున్న పదింటికి ఆయనకి గుండెనొప్పి వచ్చింది. నాలుగు నిమిషాల్లో అంబులెన్సు మీ వీధి చివరికొచ్చింది. డ్రైవరుకి మా ఇల్లు కనిపిస్తూనే ఉంది. మధ్యలో మీ గోడ! వెనక్కి తిరిగి, రైలు గేటు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట. ఆస్పత్రికి పోతుంటే గోడ పక్కనుంచే పోవాల్సొచ్చింది. అది కనపడగానే ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఏదో చెప్పబోయారు. నోరు పెగల్లేదు. ఏం చెప్పబోయారో నాకు తెలుసు. దీని అంతు చూడు అని."

అధ్యక్షుడు ఫోను బోర్లా పెట్టాడు. "అర్జీ ఇచ్చారుగా?"

"పోలీసులకిస్తే, ఎవరి మీదా అని అడుగుతున్నారు. కాలనీ మీద అన్నాను. కాలనీకి కాళ్లూ చేతులూ ఉండవమ్మా, పేరు రాసుకురా అని తిరిగిచ్చేశారు. చెప్పండి. ఎవడి బుర్రలో పుట్టింది ఈ గోడ?"

అధ్యక్షుడు మూలనున్న గుమాస్తా వైపు చూశాడు. కాలనీలో పదకొండు ఇళ్లున్నప్పటి నుంచీ సంఘం లెక్కాపత్రం చూస్తున్న మనిషి ఆయన. "పాత మినిట్స్ పుస్తకం తీసివ్వండి. చూసుకుంటారు," అని ఫోనెత్తుకుని వరండాలోకి నడిచాడు.

గుమాస్తా లేవలేదు. "ఆ చెదపుస్తకం ఇప్పుడెందుకు వదినా? గోడ కొట్టెయ్యాలని తీర్మానం నేనే రాస్తా. అధ్యక్షుడిచేత సంతకం పెట్టించే పూచీ నాది. నువ్వు ఇంటికెళ్లు."

"పుస్తకం తియ్యి."

తీశాడు. మిషనమ్మ కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచే మొదలుపెట్టింది.

మొదటి ఏడాది పదకొండు ఇళ్లు, ఒక బోరు, పాములు పట్టేవాడికి కృతజ్ఞతలు. మూడో ఏడాది కరెంటు స్తంభాలు. అయిదో ఏడాది బస్సు. అప్పటికి అరవై ఇళ్లు: టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు. క్షురకుడు కొట్టు పెట్టుకుంటానంటే కుదరదన్నారు. మరుసటి ఏడాది జుట్టు పెరిగి కాబోలు, కుదురుతుందన్నారు. తొమ్మిదో ఏడాది ఊళ్లో మిల్లు మూతపడింది. పని పోయిన మగ్గాలవాళ్లు, లారీ డ్రైవర్లు, పెయింటర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు వెనక పొలంలో చిన్న చిన్న స్థలాలు కొనుక్కున్నారు. అదే వెనక లేఔటు.

పన్నెండో ఏడాది దగ్గర ఆవిడ వేలు ఆగింది. పైకి చదివింది.

"'వెనక లేఔటు నుంచి రకరకాల మనుషులు మన వీధుల గుండా తిరుగుతున్నందున, కాలనీ గౌరవం, భద్రత దృష్ట్యా అడ్డుగోడ కట్టుటకు...' రకరకాల మనుషులా! మీ గోడలకి రంగులేసినప్పుడు ఒక రకమే అయ్యారే! మీ పిల్లల ముడ్లు కడిగినప్పుడు గౌరవానికి లోటు రాలేదే!"

"నువ్వూ అప్పుడు ఈవైపే ఉండేదానివి వదినా," అన్నాడు గుమాస్తా మెల్లగా.

ఆ మాట సూదిలా దిగింది. నిజమే. భర్త వైద్యానికి కాలనీ మూడో వీధిలో ఇల్లు అమ్ముకుని అవతలికి మారి నాలుగేళ్లే. గోడ లేచిన రోజుల్లో ఒకసారి మిషను మీంచి తలెత్తి, "ఏమిటండీ అది?" అనడిగింది. "ఏదోలే, సంఘంవాళ్లు," అన్నారాయన. ఆవిడ మళ్లీ తల దించుకుని కుట్టుకుంది.

"ఉన్నాను. నోరు మూసుకున్నాను. ఆ పాపం అనుభవిస్తున్నాను," అంది. "ఆయనకైతే అప్పుడే నచ్చలేదేమో. అవతలికి మారాక అందరూ గోడకి పెట్టిన కన్నంలోంచి దూరి బజారుకి పోయేవాళ్లు. ఆయన ఒక్కనాడు దూరలేదు. ఎండలో చుట్టూ తిరిగే పోయేవారు. అంత పౌరుషం."

గుమాస్తా తల దించుకున్నాడు.

ఫోను ముగించుకుని అధ్యక్షుడు వచ్చాడు. ఆవిడ మొహం చూసి మెత్తబడ్డాడు. "సరే ఆంటీ. ఆదివారం సభలో నేనే పెడతా. గోడ తీయించేస్తా. నా మాట."

"పక్కింటి పిల్లకి తొమ్మిదో నెల. ఆదివారం దాకా ఆగదు."

"అయితే రేపే. చాలా?"

"గోడకి చాలు. నాకు చాలదు." మిషనమ్మ పుస్తకం మీద వేలితో కొట్టింది. "మా ఆయన్ని చంపినవాడు దర్జాగా సంతకం పెట్టి ఇంటికెళ్లి అన్నం తిని ఉంటాడు. వాడి పేరు సభలో మైకులో చదువుతా. వాడి పెళ్లాంబిడ్డలు వినాలి. పేజీ తిప్పవయ్యా, ప్రతిపాదించింది ఎవడు?"

"వద్దు వదినా. నీకు దండం పెడతా," అంటూ గుమాస్తా పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవర్ని కాస్తున్నావు నువ్వు?"

ఆవిడే పుస్తకం లాక్కుని పేజీ తిప్పింది.

అక్కడ ఉన్నది తన భర్త సంతకం.