నిదానపు చేయి

"ఇంకా తెమల్లేదా?"

ఆపరేషన్ థియేటర్ తలుపు సందులోంచి తల దూర్చాడు కొత్త మేనేజర్.

"చెప్పులు విప్పి లోపలికి రండి. లేదంటే ఆ తల కూడా బయటే పెట్టుకోండి" అంది డాక్టరమ్మ, చేతుల మీంచి చూపు తిప్పకుండా.

నర్సు కిసుక్కున నవ్వింది. మేనేజర్‌కి ఒళ్లు మండింది.

మొన్నటిదాకా అతను బిస్కెట్ల ఫ్యాక్టరీ నడిపాడు. అక్కడ ఒక యంత్రానికీ ఇంకో యంత్రానికీ పనిలో తేడా వెంట్రుకవాసి. ఇక్కడో? అవే కత్తులు, అవే బల్లలు. ఎదురాస్పత్రిలో నాలుగు ఆపరేషన్లు ముగిసేలోపు ఈవిడ ఒక్కటి ముగిస్తే గొప్ప!

"ఆ తేడా తీసెయ్. లేదా నువ్వు తప్పుకో" అని ఆస్పత్రి యజమాని అతనికి ముందే చెప్పేశాడు.

సాయంత్రం ఆమెను గదికి పిలిపించాడు.

"ఇంత మెల్లిగా తిరిగే యంత్రాన్ని మేమైతే పాత ఇనుము కింద అమ్మేస్తాం మేడమ్."

"మీ యంత్రాలన్నిటికీ ఒకే పిండి వేస్తారు బాబూ. నా బల్ల మీదికి వచ్చేది..."

"సాకులొద్దు. రేపట్నుంచి మీరు రావద్దు."

ఆమె కళ్లజోడు తుడుచుకుని లేచింది. కొన్నాళ్లకే ఊరు విడిచి వెళ్లిపోయిందని తెలిసింది.

ఆస్పత్రి జోరందుకుంది. యజమాని భుజం తట్టాడు.

అప్పుడే మేనేజర్ అక్కకి కడుపు ఉబ్బింది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. చురుకైన చేతులని నమ్మి, పోయిన వారమే ఎదురాస్పత్రిలో ఆమెకు ఆపరేషన్ చేయించాడు.

"లోపల పేగుకి చిల్లు పడింది సార్. ఒకసారి కోసి చెడిన కడుపు. మా వల్ల కాదు" అన్నారు తన ఆస్పత్రి డాక్టర్లు.

"చేతకానివాళ్లు!" అని తిట్టి, స్ట్రెచర్ తనే తోసుకుంటూ రోడ్డు దాటించాడు.

"భయంగా ఉందిరా తమ్ముడూ..."

"నేనున్నాగా అక్కా. ఊళ్లో వీళ్లని మించినవాళ్లు లేరు."

అతని చేతి మీద ఆమె పట్టు అప్పటికే సడలుతోంది.

ఎదురాస్పత్రి సర్జన్ దుప్పటి ఎత్తి చూసి, గబుక్కున దించేశాడు.

"ఇక్కడికెందుకు తెచ్చారండీ?"

"మీరు చేసిన ఆపరేషనే కదా! మీరే సరిచెయ్యండి!"

సర్జన్ అతని మెడలో వేలాడుతున్న ఆస్పత్రి కార్డు చూసి తెల్లబోయాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"మేమెప్పుడు సరిచేశామండీ? మా చేతుల్లో చెడిన కడుపులన్నీ ఇన్నేళ్లుగా బాగుచేస్తున్నది మీ డాక్టరమ్మే కదా!"