కాటా లేచేలోపు ఓ చాయ్

పటాన్‌చెరులో ఆ ఇనుప రేకుల ఫ్యాక్టరీ గేటు ముందు ఆగమ్మ చాయ్ హోటల్ నడిచేది చాయ్ రుచి వల్ల కాదు, కరెంటు కోతల వల్ల.

కరెంటు పోయి వచ్చిందంటే చాలు, లోపల లారీలు తూచే కాటా దగ్గరి కంప్యూటరు మళ్ళీ మొదటి నుంచి లేవాలి. అది లేచినా తూకం ప్రోగ్రాం ఓ పట్టాన తెరుచుకోదు. ఏనాటి లెక్కలో అన్నీ నెమరేసుకుంటే గానీ తెర మీదికి రాదు. అంతసేపూ లారీలు బారులు తీరతాయి. డ్రైవర్లు దిగి ఆగమ్మ బెంచీల మీద చేరతారు. చాయ్, మిర్చీలు, మళ్ళీ చాయ్.

అలాంటి హోటల్‌కి గండం వచ్చిపడింది. ఆ ప్రోగ్రాం అమ్మిన హైదరాబాద్ కంపెనీ, దాన్ని చప్పున తెరుచుకునేలా చేయమని ఓ కుర్రాణ్ణి పంపింది. అతని పని అయిందా, ఆగమ్మ స్టవ్వు ఆర్పుకోవాల్సిందే.

పొద్దున ఆ కుర్రాడి జీపు గేటు దాటుతుంటే ఆగమ్మ తలెత్తలేదు. స్టవ్వుకు పంపు కొడుతూ కూర్చుంది. ప్రాణం మాత్రం లోపలే కొట్టుకుంటోంది. కాటా ఆపరేటర్ యాదన్న చాయ్‌కి వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

“ఏమైంది తమ్మీ? జల్ది తెరుసుకుంటుందా?”

“ఏడిదక్కా! పొద్దటి సంది కుస్తీ పడుతుండు. ముందుగాల తూకం తెర సూపియ్యాలె, పాత లెక్కలు ఎన్క నిమ్మళంగ తెచ్చుకోవాలె అంటుండు. ఇయ్యాల గాకుంటే నౌకరీల కెల్లి తీసేస్తరంట పాపం.”

ఆగమ్మ చెయ్యి ఆగిపోయింది. చాయ్ పొంగి స్టవ్వు మీద పడింది.

“ఇంకేంది, ఆగమ్మకు పండుగే,” అని నవ్వాడు బెంచీ మీది డ్రైవర్ బాలప్ప. “ఆ పోరడు పోతే నీ హోటల్ పదిలం.”

“నోరు మూసుకొని తాగు,” అంది ఆగమ్మ. ఆ రోజు ఆమెకు అన్నం కూడా సయించలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. ఆగమ్మ లేచి గేటు లోపలికి తొంగిచూసింది. బాలప్ప లారీని వరసలో పెట్టి, అలవాటుగా వచ్చి గ్లాసు అందుకున్నాడో లేదో లోపల్నుంచి కేక వినపడింది.

“బండి తేండ్రి!”

బాలప్ప చాయ్ వదిలేసి పరుగెత్తాడు. లారీ వెంట లారీ సాగిపోయింది. ఎవరూ కిందికి దిగలేదు. సాయంత్రానికి బెంచీలన్నీ ఖాళీ. గిన్నెలో చాయ్ మీగడ కట్టింది.

డ్యూటీ దిగి వచ్చిన యాదన్నకు ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. ఆగమ్మ కళ్ళ నిండా నీళ్ళు.

“రంది పడకక్కా. ఏం జేస్తం, పోరడు మస్తు హుషారున్నడు. బస్టాండ్ కాడ పెట్టుకుందువు గాని హోటల్.”

ఆగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిగిలిన మిర్చీలన్నీ పొట్లం కట్టి అతని చేతిలో పెట్టింది.

“పైసలొద్దు తమ్మీ, పని గెలిచేదాక ఎవ్వరికీ చెప్పొద్దనుకున్న గాని, ఆ పోరడు నా కొడుకు.”